ఫోర్సైత్‌ని రిపోర్టర్‌గానే చదవాలి

బ్రిటిష్ థ్రిల్లర్ రచయిత ఫ్రెడరిక్ ఫోర్సైత్ 2025 జూన్ 9న, 86 ఏళ్ల వయసులో చనిపోయాడు. ఆ వారంలో వచ్చిన నివాళులు చాలానే చదివాను. దాదాపు అన్నిట్లోనూ ఒకటే కథ: 19 ఏళ్లకే యుద్ధ విమానం నడిపాడు, 35 రోజుల్లో 'ది డే ఆఫ్ ది జాకాల్' నవల రాసి పడేశాడు, ఏడు కోట్లకు పైగా పుస్తకాలు అమ్ముడయ్యాయి, పైగా నిజంగానే బ్రిటిష్ గూఢచారి సంస్థకు పనిచేశాడు. ఇవన్నీ నిజాలే, ఎవరూ కల్పించలేదు. ఈ వరుసలో, నైజీరియా నుంచి విడిపోయి యుద్ధంలో ఓడిన బియాఫ్రా అనే దేశం పేరు మాత్రం ఒక్క వాక్యంలో వచ్చి వెళ్లిపోతుంది. నాకు కోపం తెప్పించింది అదే. నా దృష్టిలో ఆయన జీవితానికి అసలు మలుపు బియాఫ్రాలో ఉంది, నవలల బలం అక్కడి నుంచే వచ్చింది, ఆయన చేసిన పెద్ద తప్పు కూడా అక్కడే మొదలైంది.

ఆయన్ని థ్రిల్లర్ రచయితగా ఇష్టపడేవాళ్లతో నాకు పేచీ లేదు. నేనూ అలాగే మొదలుపెట్టాను, ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్న పాత పుస్తకంతో. తర్వాత కొన్నేళ్లు ఒక దినపత్రిక జిల్లా డెస్క్‌లో పనిచేశాక అదే పుస్తకం మళ్లీ చదివితే వేరే పుస్తకంలా అనిపించింది. మొదటిసారి హంతకుణ్ణి చూశాను, రెండోసారి ఆ పేజీల వెనకాల తిరిగి తిరిగి సమాచారం పోగేసిన విలేకరి కనిపించాడు.

1938లో కెంట్‌లోని ఆష్‌ఫర్డ్‌లో పుట్టాడు, తండ్రిది దుకాణం. ఆ తండ్రి కొడుకును సెలవుల్లో ఫ్రాన్స్‌కీ జర్మనీకీ పంపించి అక్కడి కుటుంబాల మధ్య ఉంచేవాడు. దాంతో ఫ్రెంచ్, జర్మన్ ఇంట్లో మాట్లాడుకునే భాషల్లా పట్టుబడ్డాయి, తర్వాత స్పానిష్, రష్యన్ కూడా వచ్చాయి. విమానాల గురించి అందరూ రాస్తారు గానీ ఆయన బతుకును మలుపు తిప్పింది ఈ భాషలే. వైమానిక దళంలో రెండేళ్లు పూర్తికాగానే బయటికొచ్చి, 1958లో 'ఈస్టర్న్ డైలీ ప్రెస్' అనే ప్రాంతీయ పత్రికలో చేరి, కింగ్స్ లిన్‌లో మూడేళ్లు పనిచేశాడు. 1961లో రాయిటర్స్‌లోకి వెళ్లాడు. మరుసటి ఏడాది ఫ్రెంచ్ వచ్చు కాబట్టి పారిస్ పంపించారు.

పారిస్‌లో ఆయన డ్యూటీ ఏమిటో తెలిస్తే తర్వాతి కథంతా అర్థమవుతుంది. అల్జీరియాకి స్వాతంత్ర్యం ఇచ్చాడన్న కక్షతో ఓఏఎస్ అనే రహస్య సైనిక ముఠా, ఫ్రాన్స్ అధ్యక్షుడు డిగాల్‌ని చంపాలని తిరుగుతోంది. అందుకని డిగాల్ ఎక్కడికి కదిలినా విలేకరులు వెంట ఉండాల్సిందే, ఏ క్షణాన కాల్పులు జరుగుతాయో ఎవరికీ తెలియదు. 1962 ఆగస్టు 22న పారిస్ శివార్లలో పెటి క్లమార్ దగ్గర నిజంగానే జరిగాయి. తుపాకీ గుళ్ల వానలో టైర్లు పంచరైన సిట్రోయెన్ కారు ఆగకుండా దూసుకుపోవడంతో డిగాల్, ఆయన భార్య బతికి బయటపడ్డారు. ఆ దాడికి నాయకత్వం వహించిన బాస్టియన్ తీరీని 1963 మార్చిలో కాల్చి చంపారు. డిగాల్ అంగరక్షకులతో కూర్చుని మాట్లాడే అలవాటున్న ఆ యువ విలేకరికి అప్పుడే ఒక ఆలోచన తట్టింది. ఓఏఎస్ నిండా పోలీసుల మనుషులే ఉన్నారు, ఆ ముఠాలో ప్రతివాడి పేరూ ఫైల్లో ఉంది, కాబట్టి వాళ్ల వల్ల ఈ పని కాదు. ఎవరికీ తెలియని, ఏ ఫైల్లోనూ లేని బయటి మనిషి వస్తే మాత్రం అయ్యే వీలుంది. అంటే డిగాల్‌ని చంపడానికి వచ్చే హంతకుడి కథ అయిన 'జాకాల్' నవలకి బీజం రచయిత ఊహ కన్నా ముందు ఒక బీట్ రిపోర్టర్ వేసుకున్న అంచనాలో పడింది.

తర్వాత తూర్పు బెర్లిన్. 1964 వసంతంలో ఒక అర్ధరాత్రి రష్యన్ ట్యాంకులు, ఫిరంగులు వరసగా నగరంలోకి కదులుతుంటే చూసి, ఆ వార్త పంపించాడు. పశ్చిమ దేశాల రాజధానుల్లో కాసేపు టెన్షన్. చివరికి అది మే డే కవాతు రిహార్సల్ అని తేలింది. ఈ సంఘటనను ఆయన తర్వాత ఆత్మకథలో తనే చెప్పుకున్నాడు, చాలామంది నవ్వుకోవడానికి ఎత్తిచూపుతారు. నాకైతే అందులో తప్పు పట్టేదేమీ కనిపించదు, చూసింది చూసినట్టు పంపాడు.

1965లో బీబీసీలో చేరాడు. 1967 జూలైలో నైజీరియా పంపించారు.

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి, తెలుగులో ఈ యుద్ధం గురించి చదివే అవకాశం తక్కువ. 1966లో ఉత్తర నైజీరియాలో ఈబో జనం మీద భయంకరమైన ఊచకోతలు జరిగాయి. వేలమంది చనిపోయారు, లక్షలమంది మూటాముల్లె సర్దుకుని తూర్పు ప్రాంతానికి పారిపోయి వచ్చారు. 1967 మే 30న అక్కడి సైనిక గవర్నర్ కర్నల్ ఒజుక్వు తూర్పు ప్రాంతాన్ని బియాఫ్రా అనే స్వతంత్ర దేశంగా ప్రకటించాడు. జూలై 6న యుద్ధం మొదలైంది. బ్రిటన్‌లో అప్పుడు హెరాల్డ్ విల్సన్ లేబర్ ప్రభుత్వం ఉంది. నైజీరియా చమురులో షెల్-బీపీకి పెద్ద వాటా ఉంది, పాత వలస దేశం ముక్కలు కాకూడదన్న పట్టుదల కూడా ఉంది. అలవాటుగా ఇచ్చే ఆయుధాలే ఇస్తున్నాం అని పార్లమెంటులో చెబుతూ, లోపల మాత్రం నైజీరియా సైన్యానికి కావలసినవన్నీ పెంచి పంపుతూ పోయారు.

ఫోర్సైత్‌కి లండన్‌లో చెప్పిందేమిటంటే ఇది కొద్ది వారాల తిరుగుబాటు, జనం మద్దతు లేదు, ఇట్టే కూలిపోతుంది అని. లాగోస్‌లోని బ్రిటిష్ హైకమిషనర్ మాట కూడా అదే. అక్కడికెళ్లి చూస్తే అదేమీ కనిపించలేదు. జనం ఒజుక్వు వెంట ఉన్నారు, నైజీరియా సైన్యం ముందుకు రావడం లేదు. అదే రాసి పంపాడు. ఆఫీసుకు నచ్చలేదు. కొన్ని నెలల్లో వెనక్కి పిలిపించారు. మళ్లీ వెళ్తానంటే, ఈ యుద్ధాన్ని కవర్ చేయడం మా విధానం కాదన్న అర్థంలో జవాబు వచ్చిందని ఆయన రాసుకున్నాడు. 1968లో ఉద్యోగం వదిలేసి, జీతం లేని ఫ్రీలాన్సర్‌గా బియాఫ్రా వెళ్లిపోయాడు.

డెస్క్‌లో కూర్చున్నవాళ్లకి ఈ పరిస్థితి తెలుసు. రిపోర్టర్ పంపిన ఐటమ్ ఒకటి ఉంటుంది, పైనుంచి వచ్చిన అభిప్రాయం ఇంకొకటి ఉంటుంది. రెండూ కలవకపోతే ఐటమ్ ఆగిపోతుంది. ఎందుకు ఆపారో ఎవరూ చెప్పరు, స్పేస్ లేదంటారు. మా దగ్గరా ఒక మంచి రిపోర్టర్ అలాగే విసిగి మానేశాడు. ఎక్కువమంది మానేయరు, ఇంటి అద్దె ఉంటుంది, పిల్లల ఫీజులుంటాయి, వాళ్లని నేను తప్పుపట్టను. అందుకే ముప్ఫై ఏళ్లు కూడా నిండని ఒక విలేకరి బీబీసీ ఉద్యోగాన్ని కాలదన్ని ఆకలి చావుల మధ్యకి తిరిగి వెళ్లడం నాకు చాలా పెద్ద విషయంగా కనిపిస్తుంది.

ఆకలి చావులనే మాట ఊరికే వాడలేదు. నైజీరియా భూమ్మీదా సముద్రం మీదా దారులు మూసేసింది. చేపలు, మాంసం, ఉప్పు లోపలికి రావడం ఆగిపోయింది. మాంసకృత్తులు లేక పిల్లలకు క్వాషియోర్కర్ వచ్చింది: కాళ్లు వాచి, పొట్ట ఉబ్బి, జుట్టు ఎర్రబారి, కళ్లు మాత్రం పెద్దవిగా మిగిలిపోయిన పిల్లలు. 1968 మధ్యలో ఆ ఫొటోలు పత్రికల్లో వచ్చాకే ప్రపంచం కదిలింది. చర్చి సంస్థలు పోర్చుగీసు వాళ్ల చేతిలో ఉన్న సావొ టోమె దీవి నుంచి రాత్రిపూట విమానాల్లో తిండి, మందులు పంపేవి. ఉలి అనే చోట ఒక రోడ్డునే వెడల్పు చేసి రన్‌వేగా మార్చారు, విమానం దిగే కొద్ది క్షణాలు దీపాలు వెలిగించి మళ్లీ ఆర్పేసేవారు. 1970 జనవరిలో బియాఫ్రా లొంగిపోయేనాటికి ఎంతమంది పోయారన్నదాని మీద అంచనాలు ఐదు లక్షల నుంచి ముప్ఫై లక్షల దాకా ఉన్నాయి, పది లక్షలు దాటారనేది ఎక్కువమంది చెప్పే మాట. పోయినవాళ్లలో పిల్లలే ఎక్కువ.

ఇదంతా చూస్తూ ఆయన రాసిన 'ది బియాఫ్రా స్టోరీ' 1969లో, యుద్ధం ఇంకా సాగుతుండగానే వచ్చింది. ఆయన మొదటి పుస్తకం ఇదే, నవల కాదు. దానిలో లోపాలు లేవని నేననను. ఒజుక్వుని మరీ నమ్మాడు. సాయం రోడ్డు దారిలో తెచ్చే ప్రతిపాదనను ఒజుక్వు కాదన్నప్పుడు ఆ నిర్ణయానికి ఎంతమంది పిల్లలు బలయ్యారో గట్టిగా అడగలేదు. బియాఫ్రా సరిహద్దుల్లో ఉన్న ఈబోలు కాని చిన్న జాతులు ఈ కొత్త దేశాన్ని కోరుకున్నాయా లేదా అన్నది కూడా పెద్దగా పట్టించుకోలేదు. నైజీరియా రచయితల్లో చినువా అచెబె బియాఫ్రా పక్షాన నిలబడి పనిచేస్తే, వోలె సోయింకా రెండు పక్షాల మధ్య యుద్ధం ఆపడానికి ప్రయత్నించి నైజీరియా జైల్లో మగ్గాడు. అంటే ఆ దేశంలో ఆలోచించే మనుషులకి కూడా ఇది అంత తేలికైన లెక్క కాదు. ఇన్ని చెప్పుకున్నాక కూడా, బ్రిటన్ ఏం పంపుతోంది, దాంతో ఏం జరుగుతోంది అన్న విషయంలో ఆ పుస్తకం అప్పటి ప్రభుత్వ ప్రకటనల కన్నా ఎన్నో రెట్లు నిజాయితీగా ఉంది.

తిరిగొచ్చేసరికి చేతిలో డబ్బు లేదు, ఉద్యోగం లేదు, పేరు చెడింది, స్నేహితుల ఇంట్లో సోఫా మీద పడుకుంటున్నాడు. 1970 జనవరిలో పాత పోర్టబుల్ టైప్‌రైటర్ ముందు కూర్చుని 35 రోజుల్లో 'ది డే ఆఫ్ ది జాకాల్' రాశాడు. ఈ 35 రోజుల ముచ్చట నాకు చిరాకు, ఎందుకంటే దాని వెనక పారిస్‌లో తిరిగిన కాలం, పోలీసులతో, ముఠా మనుషులతో మాట్లాడిన మాటలు, ఎనిమిదేళ్లుగా బుర్రలో నలిగిన ఆలోచన ఉన్నాయి. టైపు చేయడానికి పట్టిన సమయాన్ని రాయడానికి పట్టిన సమయంగా చెప్పుకుంటున్నాం.

నలుగురు ప్రచురణకర్తలు తిప్పి పంపారు. డిగాల్ బతికే ఉన్నాడు కదా, చంపలేకపోయారని అందరికీ తెలుసు కదా, ఇక ఉత్కంఠ ఎక్కడిది అన్నారు. మామూలు లెక్కలో అది సరైన ప్రశ్నే. 1971లో హచిన్సన్ వేసిన తర్వాత తేలిందేమిటంటే పాఠకుడు చివర ఏమవుతుందా అని చదవడం లేదు, పని ఎలా జరుగుతుందో చూడటానికి చదువుతున్నాడు. చనిపోయిన పసిబిడ్డ పేరు మీద జనన ధ్రువపత్రం తీసుకుని దాంతో పాస్‌పోర్టు ఎలా సంపాదించవచ్చో, ఫ్రాన్స్‌లో హోటల్ కార్డులు పోలీసుల దగ్గరికి ఎలా చేరతాయో, ఒక తుపాకీని ఎలా దాచి మోసుకెళ్లవచ్చో, అన్నీ రిపోర్టులాగే ఉంటాయి. విశేషణాలు తక్కువ, మనసులోకి తొంగిచూడటం ఇంకా తక్కువ. మొదటి అధ్యాయమే బాస్టియన్ తీరీ మరణశిక్షతో మొదలవుతుంది, అప్పటి హోంమంత్రి రోజె ఫ్రే సొంత పేరుతోనే నవల్లో తిరుగుతాడు. ఎక్కడ నిజం ఆగి కల్పన మొదలైందో చదివేవాడికి అతుకు కనపడదు.

ఆ పాస్‌పోర్టు లొసుగు నిజంగా ఉన్నదే. నవల వచ్చాక దశాబ్దాల పాటు బ్రిటన్‌లో మోసగాళ్లు దాన్ని వాడుకున్నారు. ఇంకా ఘోరమేమిటంటే లండన్ పోలీసుల్లో రహస్యంగా పనిచేసే ఒక విభాగం వాళ్లు ఉద్యమ సంఘాల్లోకి చొరబడటానికి చనిపోయిన పిల్లల పేర్లు పెట్టుకుని ఏళ్ల తరబడి తిరిగారని, ఆ పనిని తమలో తాము ఈ నవల పేరుతోనే పిలుచుకున్నారని 2013లో బయటపడింది. ఆ పిల్లల తల్లిదండ్రులకు తెలియనే తెలియదు.

'ది ఒడెస్సా ఫైల్' కూడా అలాంటిదే, రీగా యూదుల్ని చంపించిన ఎడ్వర్డ్ రోష్‌మన్ అనే నిజమైన నాజీ అధికారి అందులో సొంత పేరుతో ఉంటాడు. నవల వచ్చేనాటికి రోష్‌మన్ బతికే ఉన్నాడు, 1977లో పరాగ్వేలో చనిపోయాడు. నేను ఎక్కువ చెప్పదలచుకున్నది 1974లో వచ్చిన 'ది డాగ్స్ ఆఫ్ వార్' గురించి. పైకి చూస్తే కిరాయి సైనికుల కథ. లండన్‌లో ఒక గనుల వ్యాపారి, ఆఫ్రికాలో ఒక చిన్న దేశం కొండలో ప్లాటినం ఉందని కనిపెట్టి, అక్కడ తన బొమ్మ అధ్యక్షుణ్ణి కూర్చోబెట్టడానికి మనుషుల్ని కొంటాడు. ఆయుధాలు ఎక్కడ కొనాలి, ఓడ ఏ పేరు మీద తీసుకోవాలి, కాగితాలు ఎలా పుట్టించాలి అనే వివరాలతో పేజీలకు పేజీలు నడుస్తాయి. ఈ వివరాల కోసం హాంబర్గ్‌లో ఆయుధ వ్యాపారుల దగ్గరికి మారుపేరుతో వెళ్లాడు. అసలు సంగతి తెలిసిపోతే ప్రాణాలు దక్కించుకుని రైలెక్కి పారిపోయాడు. కానీ చివర్లో ఏం జరుగుతుంది? కిరాయి నాయకుడు వ్యాపారిని మోసం చేసి, దేశాన్ని యుద్ధంలో ఓడిపోయి ప్రవాసంలో ఉన్న ఒక ఆఫ్రికా జనరల్‌కి, ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్న అతని జనానికి అప్పగిస్తాడు. ఆ జనరల్ ఎవరో, ఆ జనం ఎవరో బియాఫ్రా చదివినవాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు. నిజంలో ఓడిపోయినదాన్ని ఆయన నవల్లో గెలిపించుకున్నాడు. ఆ పుస్తకాన్ని నేను కిరాయి సైనికుల నవలగా ఎప్పుడూ చదవలేను.

తర్వాతి నవలల మీద నాకు అంత ప్రేమ లేదు. 'ది ఫోర్త్ ప్రోటోకాల్' దాకా పట్టు ఉంది, ఆ తర్వాత ఆయన రాజకీయ అభిప్రాయాలు పాత్రల నోట్లోంచి నేరుగా వినిపిస్తాయి. వదిలేద్దాం.

ఇక గూఢచారి సంగతి. 2015లో వచ్చిన ఆత్మకథ 'ది అవుట్‌సైడర్'లో, బియాఫ్రాలో ఉన్నప్పుడే 1968లో బ్రిటిష్ గూఢచారి సంస్థ ఎంఐ6 మనిషి తనను కలిశాడని, అప్పటి నుంచి ఇరవై ఏళ్లకు పైగా జీతం లేకుండా వాళ్లకి సాయపడ్డానని రాశాడు. 1973లో తూర్పు జర్మనీలోని డ్రెస్డెన్ వెళ్లి ఒక రష్యన్ కర్నల్ దగ్గర నుంచి ప్యాకెట్ తెచ్చాడు. రొడీషియా, దక్షిణాఫ్రికా పనులూ ఉన్నాయి. పత్రికలన్నీ దీన్ని పండగలా రాశాయి, గూఢచారి నవలలు రాసినవాడు నిజంగానే గూఢచారి అని. నాకు మాత్రం బాధ కలిగింది.

బియాఫ్రా వరకు ఆయన చెప్పిన కారణం నాకు అర్థమవుతుంది. విదేశాంగ అధికారులు మంత్రులకి తప్పుడు బొమ్మ చూపిస్తున్నారు, ప్రభుత్వంలోనే ఇంకో విభాగం నిజం తెలుసుకోవాలనుకుంటోంది, పిల్లలు చస్తున్నారని అక్కడైనా చేరితే ఏదైనా మారుతుందేమో అన్న ఆశ. ఆ చావుల మధ్య నిలబడినవాడికి అది ద్రోహంలా అనిపించి ఉండదు. అయినా ఒప్పుకోలేను. తనను నమ్మి ఇళ్లలోకి, యుద్ధ శిబిరాల్లోకి రానిచ్చిన జనానికి, వాళ్ల మీదికి ఆయుధాలు పంపుతున్న ప్రభుత్వానికే తన మాటలు వెళ్తున్నాయని తెలియదు. పత్రికలో ఆయన వార్త చదివిన పాఠకుడికీ తెలియదు. డబ్బు తీసుకోలేదుగా అని కొందరు వాదిస్తారు. 1976లో అమెరికా సీఐఏ కూడా విలేకరులతో ఇక డబ్బు సంబంధాలు పెట్టుకోబోమని ప్రకటించాల్సి వచ్చింది, అంత గొడవైంది. కానీ విలేకరిని అనుమానించేవాడు అతని బ్యాంకు పుస్తకం చూసి అనుమానించడు. ఒక్క విలేకరి ఆ పని చేశాడని తెలిస్తే చాలు, చేయనివాళ్లందరి మెడ మీదా కత్తి వేలాడుతుంది.

ఫర్జాద్ బజోఫ్ట్ ఇరాన్‌లో పుట్టి లండన్‌లో 'అబ్జర్వర్' పత్రికకి రాసేవాడు. 1989లో ఇరాక్ సైనిక కర్మాగారంలో జరిగిన పేలుడు గురించి ఆరా తీయడానికి వెళ్లాడు. సద్దాం ప్రభుత్వం బ్రిటిష్ గూఢచారి అని ముద్రవేసి 1990 మార్చిలో ఉరితీసింది. ఆయన విలేకరి మాత్రమే అని పత్రిక ఎంత మొత్తుకున్నా వినలేదు. మనకి దగ్గర్లో చూస్తే, ఛత్తీస్‌గఢ్ బీజాపూర్ జిల్లాలో సాయి రెడ్డి అనే విలేకరిని మావోయిస్టు సానుభూతిపరుడంటూ పోలీసులు జైల్లో పెట్టారు. 2013 డిసెంబరులో బాసగూడ సంతలో మావోయిస్టులే ఆయన్ని చంపేశారు. రెండు వైపులవాళ్లూ అవతలివాడి మనిషనుకున్నారు.

మన జిల్లా కేంద్రాల్లో పనిచేసినవాళ్లకి ఇది దూరపు విషయం కాదు. పోలీసు నిఘా విభాగమైన స్పెషల్ బ్రాంచ్ (ఎస్‌బీ) కానిస్టేబుల్ ప్రెస్‌క్లబ్ దగ్గర టీ తాగుతూ "ఏంటన్నా విశేషాలు, నిన్న ఆ ఊరెళ్లారంట" అని అడుగుతాడు, తనకు తెలిసింది ఒకటి చెప్పి మన దగ్గర ఒకటి తీసుకుంటాడు. స్నేహంగానే ఉంటుంది, వార్తలూ దొరుకుతాయి. ఏజెన్సీ గ్రామాలకు వెళ్లే రిపోర్టర్లు ఆ టీ దగ్గర ఏం మాట్లాడాలో, ఎక్కడ నోరు మూసుకోవాలో చాలా కచ్చితంగా ఉంటారు, ఎందుకంటే 'ఇన్‌ఫార్మర్' ముద్ర పడితే ఆ ఊళ్లో తమతో మాట్లాడిన రైతుకీ ముప్పే. ఏ జర్నలిజం కోర్సూ చేయని కంట్రిబ్యూటర్లు పాటించే ఆ గీతని, భాషలు వచ్చి, లోకం చూసి, అంత ధైర్యం ఉన్న ఫోర్సైత్ దాటాడు. దాన్ని సాహసగాథగా చెప్పుకోవడం వాళ్లకి అన్యాయం చేయడమే.

ఈ మాట అన్నాక కూడా ఆయన మీద నాకు గౌరవం పోలేదు, దానికి కారణం మళ్లీ బియాఫ్రానే. 2020 జనవరికి ఆ యుద్ధం ముగిసి యాభై ఏళ్లు. ఫోర్సైత్‌కి 81. డబ్బు, పేరు, బిరుదు అన్నీ ఉన్నాయి, ఆ పాత గొడవ కదపమని అడిగినవాళ్లు ఎవరూ లేరు. ఆయన 'గార్డియన్' పత్రికలో వ్యాసం రాశాడు, ఆ యుద్ధంలో బ్రిటన్ పాత్ర సిగ్గుచేటని, దాన్ని యాభై ఏళ్లుగా పాతిపెట్టి ఉంచారని. విల్సన్ ప్రభుత్వం ఏం చేసింది, అధికారులు ఏం అబద్ధాలు చెప్పారు, పిల్లలు ఎలా చచ్చారు అని 1969 నాటి కోపంతోనే. ఆయన గురించి ఒక్కటే చదువుతాం అనేవాళ్లకి నేను జాకాల్ ఇవ్వను, ముందు ఈ వ్యాసం చదివించి, తర్వాత 'ది బియాఫ్రా స్టోరీ' చేతికిస్తాను.